రొట్టె మీద మచ్చ

పోయిన వారం మీరు నన్ను మొయినాబాద్ షెడ్డు ముందు వదిలిపెట్టారు. నా కుడిచేతిలో తాళం, ఎదురుగా గడప మీద కరుణమ్మ. ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచీరైనా మార్చుకోకుండా నేరుగా వచ్చి, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ముందు నా రొట్టె తప్పేందో చెప్పు సేటు. చెప్పినంక తాళమెయ్యి" అంది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

మాట ఎందుకు రాలేదో చెప్పాలంటే లెక్క కొంచెం వెనక నుంచి చూపించాలి. చేవెళ్ల మార్కెట్లో నాది ధాన్యం, కందుల బేరం. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాక బీజాపూర్ రోడ్డు పక్క పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ఫామ్‌హౌస్‌లయ్యాయి. పొలం పోయాక గింజ రాలేదు. గింజ రాక నా తక్కెడ తుప్పు పట్టింది. ఎవరి వల్ల నా బేరం పోయిందో వాళ్లకే ఏదో ఒకటి అమ్మాలనుకున్నాను. అద్దాల మేడలో కూర్చున్నవాడికైనా మధ్యాహ్నం ఆకలవుతుంది కదా. అట్లా మొదలైంది చపాతీల కార్ఖానా. చేవెళ్లలో ఒక షెడ్డు, దానికి పెద్ద ఎంకమ్మ. మొయినాబాద్‌లో ఒక షెడ్డు, దానికి పెద్ద కరుణమ్మ. రెండింటి సరుకూ వ్యానులో వేసుకుని మాదాపూర్‌లో ఒక కంపెనీ క్యాంటీనుకు చేర్చేవాడు జగదీశ్, నా భార్య నిర్మల తమ్ముడు.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత క్యాంటీను మేనేజరు దయానందం గారు ఫోను మీద ఫోను. చపాతీలు బాగుండడం లేదట, ఉద్యోగం చేసే పిల్లలు తినకుండా వదిలేస్తున్నారట. సోమవారం పొద్దుటికల్లా ఏం చేస్తారో చెప్పండి, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటాం అన్నాడు. సోమవారం అంటే రేపు. బేరం పోతే రెండు షెడ్లూ పోతాయి, రెండూళ్లలో ఆడవాళ్ల పనీ పోతుంది.

అదే కంపెనీలో పై అంతస్తులో మా రత్నాకర్ పనిచేస్తాడు. నా పాత దోస్తు, మొయినాబాద్ సాముయేలు కొడుకు. ఉద్యోగం పేరు క్వాలిటీ. ఏ షెడ్డులో ఎన్ని ఖరాబయ్యాయో రోజూ రాయించమని సలహా ఇచ్చింది అతనే. రాయించాను. చేవెళ్లలో దాదాపు సున్నా. మొయినాబాద్‌లో రోజూ గంపెడు. సాయంత్రం ఆ అంకెలు కూడేది నిర్మల. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ అంది, "ఇంక చూసేదేమున్నది? మొయినాబాద్ మూసెయ్యి." పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే తాళం కూడా తనే తెచ్చి చేతిలో పెట్టింది.

లెక్క ఇంత తేటగా ఉన్నప్పుడు మాట రాకపోవడం ఏమిటి? అదే నాకూ చిరాకు. గొంతు సవరించుకున్నాను.

"తప్పేందో నేను చెప్పాల్నా కరుణమ్మా? నీ కాయితమే చెప్తున్నది గదా. చేవెళ్లల దినాం చారెడు పోతున్నయి. నీ దగ్గర గంపెడు. రాసింది నువ్వే."

"నేనే రాసిన. ఏ రొట్టె ఎందుకు తీసేసిన్నో నాకెరుక. నువ్వయితే ఏది తీసేస్తవో సూపెట్టు. నీ సూపు నా సూపు ఒక్కటయితే, నీ చేతులకెళ్లి తాళం గుంజుకొని నేనే ఏస్త."

ఇది మంచి బేరమనిపించింది. గుప్పెట్లోకి తీసుకుంటే కంది ఏ ఊరిదో చెప్పే కన్ను నాది. ఒక చపాతీ బాగోగులు చెప్పలేనా? "కాల్చు" అన్నాను.

కరుణమ్మ సంచి గూట్లో పెట్టి, కొంగు బిగించి, ఒక్క పొయ్యి వెలిగించింది. నేను తాళాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాను. గంప సగం నిండేసరికి బయట మోటారుసైకిల్ ఆగింది. రత్నాకర్. వెనక సీటు మీద తాడుతో కట్టిన ప్లాస్టిక్ డబ్బా, దాని మీద గుడ్డ.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే కరుణమ్మ ఇతని తల్లికి స్వయానా అక్క.

"వచ్చినవా? పెద్దమ్మ పిలిచిందా?"

"పిలవలే అంకుల్. నేనే వచ్చిన. తాళం వేసే ముందు రెండు నిమిషాలు..."

"నీ రెండు నిమిషాలతోటే గీడిదాంక వచ్చింది."

అబద్ధం కాదు. నెల రోజుల కింద ఇదే షెడ్డులో నన్ను కూర్చోబెట్టి "డిఫెక్టు అంటే ఏంది అంకుల్?" అని అడిగాడు. ఖరాబైంది అన్నాను. "ఖరాబంటే?" అన్నాడు. డిఫెక్టు అన్నాను. మళ్లీ మొదటి నుంచి అడిగాడు. పొద్దు వాలేదాకా అదే పని. చివరికి, "అందరికీ తెలిసిందే గదరా, రాయమను, రాస్తరు" అని కసిరి పంపించాను.

ఇప్పుడు అతను డబ్బాను ఓ మూల పెట్టి, గంప నా ముందుకు జరిపాడు. "తీసేయండి అంకుల్. మీకు ఖరాబు అనిపించినవన్నీ."

తీశాను. ఇది మాడింది. ఇది వంకర. ఇది మందం. ఇది ఎందుకో నచ్చలేదు. తాళం జేబులో వేసుకున్నాక చేతులు చకచకా ఆడాయి. పక్కన పెద్ద కుప్పే అయింది. చూశావా అన్నట్టు కరుణమ్మ వైపు చూశాను. ఆమె ఆ కుప్పను తన దగ్గరికి లాక్కుంది.

"సరే. చాయ్ తాగి రాపో సేటు. మొకం ఎండినట్టున్నది" అంది.

రోడ్డు దాటి హోటల్లో కూర్చున్నాను. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఆదివారం కూడా బండ్లేసుకుని తిరుగుతున్నారు. ఉస్మానియా బిస్కెట్లు రెండు ముంచుకుని తిన్నాను. మనసు కుదుటపడింది. ఒక షెడ్డు మూస్తే ఒకదానితో బతకొచ్చు, ఎంకమ్మకి ఇంకో పది పొయ్యిలు ఇస్తే సరిపోతుంది అని లెక్క వేసుకున్నాను. ఏ పెనాలు తీసుకోవాలో చూసుకొమ్మని ఆమెను రమ్మని కబురు కూడా పెట్టాను. పెనాలు ఎత్తుకుపోవడానికి వ్యాను తెమ్మని జగదీశ్‌కు పొద్దునే చెప్పాను.

తిరిగి వచ్చేసరికి గంప మళ్లీ నిండుగా ఉంది.

"ఇంకొకసారి అంకుల్."

"ఇంకెన్నిసార్లురా?"

"ఇదొక్కటే."

కొత్త గంప కాబోలనుకున్నాను. మళ్లీ తీశాను. ఈసారి కుప్ప చిన్నదైంది. అప్పుడు రత్నాకర్ నేను మంచివని గంపలో ఉంచేసిన వాటిని ఒక్కొక్కటే ఎత్తి, అంచు చూపించాడు. అంచున గోటితో గిల్లిన గుర్తు.

"ఇవి మొదటిసారి మీరు ఖరాబని తీసేసినవి. పెద్దమ్మ గిల్లి కలిపింది. ఇప్పుడు మంచివని వదిలిపెట్టిన్రు." ఇంకో కుప్ప చూపించాడు. "ఇవి అప్పుడు మంచివి. ఇప్పుడు ఖరాబు."

"నువ్వు నన్ను మోసం జేసినవ్."

"గంప అదే అంకుల్. రొట్టెలు అవే."

కరుణమ్మ పొయ్యిలో నిప్పులు సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది, "తాళంతోటి వచ్చినప్పుడు అన్నీ ఖరాబే. బిస్కెట్లు తిని వచ్చినప్పుడు అన్నీ మంచియే. ఇగ నువ్వు పొద్దుగాల్నే ఇంట్ల లొల్లి పెట్టుకొని వస్తె మా గతేంది సేటు?"

నష్టాల్లో నాకు తెలియని రకం లేదనుకునేవాణ్ణి. తరుగు తెలుసు, తేమ తెలుసు, ఎలకలు తెలుసు. ఈ రకం మాత్రం కొత్తది. సరుకు మారలేదు, తక్కెడ మారలేదు. తూకపు రాయే చాయ్ తాగి వచ్చేలోపు బరువు మారింది. ఆ రాయిని నేనే.

ఆ చిరాకులో ఉండగానే ఎంకమ్మ ఆటో దిగింది. యాభై దాటిన మనిషి. అయినా నడక చూస్తే నాట్లకు బయల్దేరినట్టే ఉంటుంది. లోపలికి వస్తూనే, "ఏయే పెనాలు నాయి సేటు?" అంది.

కరుణమ్మ లేచి నిలబడింది. "నీయా? నీ పెనాలు చేవెళ్లల లేవా అక్కా? ఆడ అన్ని మాడగొట్టి అయిపోగొట్టినవా?"

"మాడగొడ్తె దినాం గంపెడు రాయకపోతునా నీ లెక్క?"

"ఆగున్రి" అన్నాడు రత్నాకర్. గంప మధ్యలో పెట్టాడు. "ఇద్దరు చెరో దిక్కు కూసోండి. ఎవరికి ఖరాబనిపించింది వాళ్లు తీసి పక్కన పెట్టండి. మాట్లాడొద్దు."

"ఇగ నీ ఆటలు వీళ్లతోటా?" అన్నాను. కానీ ఆపలేదు. నిజం చెప్పాలంటే, నాతో పాటు ఇంకొకరు కూడా అవస్థ పడితే చూడాలని ఉంది.

ఎంకమ్మ చెయ్యి తెల్లగా ఉన్న రొట్టెల మీదికి పోయింది. కరుణమ్మ చెయ్యి నల్లమచ్చలున్న వాటి మీదికి పోయింది. ఒకరిని చూసి ఒకరికి పంతం వచ్చింది. ఎంకమ్మ కొంచెం మచ్చ ఉన్నదాన్ని కూడా వెలుతురుకు పట్టి చూసి "పచ్చిదే" అన్నట్టు పెదవి విరిచి తీసేసింది. కరుణమ్మ ఆవగింజంత చుక్క ఉన్నదాన్ని కూడా లాగింది. మధ్యలో ఒకదాన్ని ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే అది రెండు ముక్కలైంది.

కాసేపటికి చేతులు ఆగాయి. గంప అడుగున గుడ్డ కనిపిస్తోంది. గుడ్డ మీద పిండి తప్ప ఏమీ లేదు.

ఒక గంప చపాతీలు. ఇద్దరూ నా దగ్గర పేరుమోసిన పనివాళ్లే. ఇద్దరి లెక్కా కలిపితే అందులో మంచిది ఒక్కటీ లేదు.

"గిదేందే కరుణమ్మా?" ఎంకమ్మ ఆశ్చర్యంగా అవతలి కుప్ప చూసింది. "గింత మంచిగ కాలినయి తీసి పారేస్తవా? మచ్చ పడకుంట రొట్టె అయితదా? జొన్నరొట్టె పెనం మీదికెళ్లి తీసి నిప్పుల మీద నిలవెడ్తం. మచ్చ పడలేదంటె లోపల పిండి పిండే. తెల్లరొట్టె పెడ్తె మా మామ గిన్నె మొత్తం బయటికి ఇసిరేటోడు."

"మీ మామ కంపెనీల తింటడా? అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌ల నేను ఎనిమిదేండ్లు వండిన. నల్లసుక్క ఒక్కటి కనవడితే మేడం ప్లేటు వాపస్ పంపేది. తెల్లగ, మెత్తగ, దూదిలెక్క ఉండాలె. నీ రొట్టె సూస్తే ఆమె దవాఖాన్లకు ఫోన్ చేసేది."

"దూది తినమను మరి. పిండెందుకు?"

"జర ఆగున్రి మీ ఇద్దరు" అన్నాను. తల తిరుగుతోంది. ఇంత కాలం ఒక షెడ్డు నుంచి మచ్చల రొట్టెలు, ఒక షెడ్డు నుంచి తెల్ల రొట్టెలు ఒకే వ్యానులో పోయాయన్నమాట. ఎంకమ్మ పచ్చివని తీసేసేలాంటివి కరుణమ్మ ముద్దుగా పేర్చి పంపింది. కరుణమ్మ మాడినవని తీసేసేలాంటివి ఎంకమ్మ గర్వంగా పంపింది.

రత్నాకర్ ఎంకమ్మ వైపు తిరిగాడు. "మరి ఎంకమ్మక్కా, తెల్లవి ఇన్ని తీసేస్తే కాయితం మీద చారెడేనా వచ్చేది?"

"బర్రెకేసినయే రాసిన బిడ్డా."

"మిగతావి?"

"మళ్ల కాలపెట్టుకొని మేమే తిన్నం. పిల్లలకు తీస్కపోయినం. మనుషులు తిన్నదాన్ని ఖరాబని ఎట్ల రాస్త? అన్నాన్ని గంత మాట అంటరా ఎవలన్న?"

నేను అక్కడున్న పీట మీద కూలబడ్డాను. చేవెళ్ల అంకె అంటే బర్రె తిన్నవి. మొయినాబాద్ అంకె అంటే మేడం తిననివి. ఈ రెండింటినీ నిర్మల ఒకదాని కింద ఒకటి రాస్తే, నేను తీసివేత చేసి, తేడా ఎంతో చూసుకుని, తాళం పట్టుకుని వచ్చాను. కందుల్ని శేర్లలో కొలిచి, శనగల్ని గజాల్లో కొలిచి, ఏది ఎక్కువో తేల్చినట్టు.

"నువ్వన్న చెప్పొద్దారా?" అని రత్నాకర్ మీద విరుచుకుపడ్డాను. "గింత సదువుకున్నవ్."

"చెప్పిన అంకుల్. నెల కింద. రాయమను, రాస్తరు అన్నరు." గొంతు పెంచలేదు. అదే నాకు ఇంకా మండింది. "ఇంకోటి కూడా ఆలోచించండి. ఎక్కువ పట్టి రాసిన షెడ్డుకే తాళం పడితే, రేపటి నుంచి ఏ షెడ్డుల ఒక్కటి కూడా దొరకదు. మీ లెక్క సున్నా అయితది. రొట్టె మాత్రం అట్లనే ఉంటది."

వ్యాపారం చేసేవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన మాట కాదు. తూకం దగ్గర నిజం చెప్పిన హమాలీని కొడితే రెండో హమాలీ ఏం చేస్తాడో నాకు తెలియదా? తెలిసి కూడా తాళం పట్టుకొచ్చాను.

"సరే, పో. ఇద్దర్ల ఎవలిది కరెక్టు? మచ్చనా, తెలుపా? అది చెప్పు. రేపు సోమవారం."

"నాకెట్ల తెలుస్తది? తినేటోళ్లని అడిగిన్రా?"

అడగలేదు. మేనేజరు "బాగాలేదు" అంటే "సరే సార్, చూసుకుంటం సార్" అనడమే తప్ప, బాగాలేదంటే ఏమిటని ఒక్కసారి అడగలేదు. అమ్మేవాడు కొనేవాణ్ణి ఎక్కువ మాట్లాడించకూడదని నా లెక్క. మాట పెరిగితే ధర తగ్గించమంటాడు. ఆ భయంతోనే సెల్‌ఫోను తీసి దయానందం గారికి కలిపాను. ఆదివారం ఫోను చేసినందుకు విసుక్కుంటూనే ఎత్తాడు.

"సార్, మచ్చలున్నవి బాగాలేవా, తెల్లగున్నవి బాగాలేవా?"

"మచ్చలతో నాకేం పనండీ?" అన్నాడు. ఆయనది గుంటూరు వైపు. "మచ్చ ఉన్నా తింటారు, లేకపోయినా తింటారు. చల్లారేసరికి విరిగిపోతున్నాయండీ. కూరలో ముంచబోతే అప్పడంలాగా పటుక్కుమంటున్నాయి. ఎన్నిసార్లు చెప్పానండీ, మీవాడికి?"

"మావాడంటే?"

"వ్యాను తెచ్చే కుర్రాడు. మీ బావమరిదే కదా."

ఫోను పెట్టేశాను. విరుగుతున్నాయని జగదీశ్ నాకెప్పుడూ చెప్పలేదు. "బాగాలేవంటున్నరు బావా" అనేవాడు, అంతే.

"విరగడం అంటే?" అన్నాడు రత్నాకర్.

"నా తలకాయ అంటే" అన్నాను.

"లేదంకుల్. పెద్దమ్మ విరిగిందన్నది ఎంకమ్మక్క విరగలేదంటది. మళ్ల మొదటికే వస్తది."

ఈసారి నేను తిట్టేలోపే ఎంకమ్మ అందుకుంది. "చేతిరుమాలు లెక్క నాలుగు మడతలెయ్యి. పగిలితె ఖరాబు, పగలకుంటె మంచిది. గింత దానికి గింత సేపా?"

కరుణమ్మకు ఒప్పుకోవడం ఇష్టం లేదు. కాదనడానికి ఏమీ దొరకలేదు. "మడత విప్పినంక సూడాలె" అని ఒక మాట చేర్చి, తనది కూడా ఉందనిపించుకుంది. కలిసినప్పటి నుంచి ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డది అదే మొదలు.

గంపలోంచి తీసినవన్నీ అప్పటికే చల్లారాయి. ఎంకమ్మ తెల్లవి మడిచింది, కరుణమ్మ మచ్చలవి మడిచింది. ఎదుటివాళ్లు మెచ్చినవి పగలాలని ఇద్దరూ గట్టిగానే నొక్కారు. ఒక్కటీ పగల్లేదు. విప్పి చూసినా గీత పడింది తప్ప చిరగలేదు. మచ్చదీ బాగుంది, తెల్లదీ బాగుంది.

"మరి కంపెనీల విరిగేటివి ఎవలివి?" అన్నాను.

రత్నాకర్ మూలకు పోయి, తను తెచ్చిన డబ్బా తెచ్చి మా మధ్యలో పెట్టాడు. "నిన్నటివి అంకుల్. మన పేరు మీద పక్కన పెట్టినవి. క్యాంటీన్ వెనక నుంచి నేనే తెచ్చిన. ఇవి చూపెడదామనే పొద్దునొచ్చిన. మీరు చూడనిస్తే గద."

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలల బేరంలో వాపసు సరుకు నేను ఒక్కరోజు కూడా కళ్లతో చూడలేదు. జగదీశ్ అంకె తెచ్చేవాడు. సరుకేదిరా అంటే "దార్ల బర్రెలకేసిన బావా" అనేవాడు. బయటివాడు ఎవడైనా ఆ మాట చెబితే ఆ బర్రె తోకైనా చూపించమనేవాణ్ణి. ఇంటివాడు కదా అని ఊరుకున్నాను.

కరుణమ్మ ఒకటి తీసి మడిచింది. పటుక్కుమంది. ఎంకమ్మ ఒకటి తీసింది. అదీ పటుక్కుమంది.

"నిన్నటివి గదా, ఆరిపోయినయేమో" అన్నాను. ఎవరిని కాపాడడానికి అన్నానో నాకే తెలియలేదు.

కరుణమ్మ గూట్లోని సంచిలో చెయ్యి పెట్టి గుడ్డమూట తీసింది. "ఇవి కూడ నిన్నటియే. నేను తీసేసినయి. చర్చికాడ పంచంగ మిగిలినయి." మడిచింది. మడత పడింది కానీ పగల్లేదు.

ఇద్దరు ఆడవాళ్లూ తలలు దగ్గరికి చేర్చి డబ్బాలో ఉన్నదాన్ని వెలుతురుకు పట్టి చూశారు. ఇందాక పెనాల కోసం కొట్టుకోబోయినవాళ్లు, ఇప్పుడు ఒక రొట్టెను చెరో అంచూ పట్టుకుని ఉన్నారు.

"నీదా అక్కా ఇది?"

"నాదెట్లయితది? అంచు సూడు. చేత్తోటి ఒత్తితె అంచు పల్చగ, వంకర తిరుగుతది. ఇది డబ్బా మూతతోటి కోసినట్టున్నది."

నా చేతికి ఇచ్చారు. అంతవరకు చపాతీ బాగోగుల్లో ఓడిపోయిన నా వేళ్లు ఇక్కడ మాత్రం తడబడలేదు. ఇది నాకు పాత విద్య. బస్తా బయలుదేరేటప్పుడు ఒక కంది, దిగేటప్పుడు ఇంకో కంది. కుట్టు అదే, బస్తా మీద పేరు అదే. నడిమిట్లో లోపలిది మారుతుంది. డబ్బాలోంచి ఇంకోటి తీశాను, దాని మీద ఇది పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. మిషను చపాతీలు. నా షెడ్లలో మిషనే లేదు.

"సరుకు మారింది" అన్నాను.

చేవెళ్లకూ మాదాపూర్‌కూ నడుమ ఆ సరుకు ముట్టుకునేది ఒక్క మనిషే.

బయట వ్యాను హారను మోగింది. జగదీశ్ దిగాడు. కొత్త చొక్కా, కళ్లజోడు. గడపలో ఆగి లోపలికి తొంగిచూశాడు. "ఏం బావా, తాళం పడ్డదా? పెనాలు ఎత్తుకపోదామా?"

అరవాలనిపించింది. అరిచినవాడు బేరం పోగొట్టుకుంటాడని ఇన్నేళ్లు మార్కెట్లో కూర్చుంటే తెలియదా? చేతిలో ఉన్న చపాతీ వాడికి చాపాను.

"గిది ఏ షెడ్డుదో చెప్పు."

"మొయినాబాద్‌ది. ఇంకెవలిది?" చూడకుండానే అన్నాడు.

కరుణమ్మ వాడి మీదికి రాబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "నాలుగు మడతలెయ్యి."

వేశాడు. ముక్కలు వాడి కొత్త చొక్కా మీద రాలాయి. "సూసినవా బావా? ఖరాబే గదా. గందుకే మూసెయ్యమన్నది."

"ఎవలు?"

వాడి చేయి చొక్కా మీది పొడి దులపడం ఆపింది. రత్నాకర్‌ను చూశాడు. డబ్బాను చూశాడు. గుడ్డ తీసి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఈ షెడ్డులో లెక్క మారిపోయిందని వాడికి అర్థమైంది.

"నన్నడుగుతవేంది బావా?" అన్నాడు మెల్లగా, కళ్లజోడు తీస్తూ. "నేను బండి తోలెటోన్ని. ఏది దించుమంటె అది దించుత. ఏది ఎక్కించుమంటె అది ఎక్కిస్త. ఇంటికి పోయి అక్కనడుగు."

నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. తాళం అక్కడే ఉంది, చెవి కూడా ఉంది. పొద్దున గడప దాటుతున్నప్పుడు నిర్మల ఇచ్చిన తాళం. మా ఇంట్లో చెక్కపెట్టెకు ఉండేది. దానికి రెండు చెవులు. ఆమె నాకిచ్చింది ఒక్కటే. నేను మూసిన షెడ్డును తెరిచే రెండోది ఆమె దగ్గరే ఉంది.